చేతిపనియు శాసనపు బరువును

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2016 ఆగస్టు 8వ తేదీన అమలులోనికి వచ్చిన యొక నిబంధనవలన, తన యింటి వెనుక కొట్టములో కొయ్యను తొలిచి, ఇత్తడిని చిత్రిక పట్టి, కొద్దికొద్దిగా వస్తువులు చేసి యమ్ముకొను పనివాడు ప్రపంచములోని మహా పొగాకు సంస్థలతో సమానుడుగా పరిగణింపబడినాడు. ఇది గౌరవమున సమానత్వము కాదు, భారమున సమానత్వము. ఏనుగు మోయు బరువును చీమ తలపై నుంచి, న్యాయము అందఱికిని ఒక్కటియే యనుటవంటిది. ఈ పనివాడు చేయునది ఆడుకొను బొమ్మయు కాదు, అలంకరించుకొను నగయు కాదు. లోకము 'వేప్' అని పిలుచు ఆవిరి సాధనము. ఆ వస్తువుపై మాకు మక్కువ లేదు. కాని ఆ పనివాని చరిత్రలో మన దేశపు చేతిపనివారికి సంబంధించిన గుణపాఠ మొకటి యిమిడియున్నందున పాఠకుల దృష్టికి దీనిని తెచ్చుచున్నాము.

ముందుగా వస్తువేమో తెలిసికొందము. నేటి విద్యుత్ సిగరెట్టును 2003లో హాన్ లిక్ అను చైనా ఔషధ శాస్త్రజ్ఞుడు రూపొందించెను. అంతకు పూర్వమే, 1965లో, హెర్బర్ట్ గిల్బర్ట్ అను అమెరికనునకు పొగలేని సిగరెట్టుపై పేటెంటు లభించియున్నను, అది అంగడికి ఎక్కలేదు. దీని మర్మము స్వల్పమైనది. బ్యాటరీనుండి విద్యుత్తు ఒక తీగచుట్టలో ప్రవహించును. చుట్ట వేడెక్కును. దూదివత్తి పీల్చిన గ్లిసరిన్ మొదలగు ద్రవము ఆవిరియగును. ఆ ద్రవములో నికోటిన్ కలిసియుండుట సామాన్యము. ఇందు ఆకు కాలుట లేదు గనుక తారు, బొగ్గుపులుసు విషవాయువు మొదలగునవి సిగరెట్టు పొగలోవలె నుండవు. అంతమాత్రమున నిది నిరపాయమని చెప్పుటకు వీలులేదు. నికోటిన్ వ్యసనమును కలిగించును. ఎదుగుచున్న బాలుర మెదడుకు హానికరము.

మొదట వచ్చిన సాధనములు సన్నని కడ్డీలు; బ్యాటరీ త్వరలో ఒట్టిపోవును, ఆవిరి చాలదు. దానితో తృప్తి చెందని వారు కొందఱు చేతిదీపపు గొట్టములను తెచ్చి, వానిలో పెద్ద బ్యాటరీలు అమర్చి, తమకు కావలసిన సాధనములను తామే చేసికొనిరి. ఈ విధముగా అమెరికా, గ్రీసు, ఇటలీ, ఫిలిప్పీను దీవులు, ఇండొనీసియా మున్నగు దేశములలో ఒక క్రొత్త చేతిపని పుట్టినది. ఫిలిప్పీను పనివారు రాగిని, ఇత్తడిని గొట్టములుగా మలచి, వానిపై చెక్కడపు పని చేసి పేరు పొందిరి. ఇతరులు కొయ్యపెట్టెల వైపు తిరిగిరి.

కొయ్యపని సామాన్యమైనది కాదు. చెట్టు బోదెపై పెరుగు బుడిపెలలోని కొయ్యకు సుడులు తిరిగిన అందమైన ఈనెలుండును. కాని అది గుల్లయై సులభముగా చీలును. అందుచేత ఆ కొయ్యను బాగుగా ఆరబెట్టి, ఒక రకమైన పలుచని జిగురుద్రవములో ముంచి, పాత్రలోని గాలిని యంత్రముతో లాగివేయుదురు. కొయ్య రంధ్రములలోని గాలి బుడగలై వెలికి వచ్చును. మరల గాలి వదలినప్పుడు జిగురు ఆ రంధ్రములలోనికి చొచ్చుకొని పోవును. పిమ్మట పొయ్యిలో వేడిచేసినచో అది గట్టిపడి, కొయ్య రాతివలె నగును. చెమటకు, వేడికి ఉబ్బదు. అటుపై దానిని తొలిచి, బ్యాటరీకి గూడు చేసి, మీట నమర్చి, లోపల విద్యుత్తును అదుపులో నుంచు పలక నొకదానిని బిగింతురు. ఒహాయో రాష్ట్రములోని ఎవాల్వ్ సంస్థ చేసిన పలకల ననేకులు వాడిరి. పెట్టె పాతబడినను పలకను మార్చవచ్చును, బ్యాటరీని మార్చవచ్చును. ఒకే సాధనము ఏండ్ల తరబడి పనిచేయును. ఏ రెండు పెట్టెలును ఒక్క తీరుగా నుండవు. చెట్టు ఇచ్చిన ఈనెయే వానికి ముద్ర.

ఇక శాసనము సంగతి. అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2016 మే 10న ప్రకటించిన నిబంధన ప్రకారము, విద్యుత్ సిగరెట్లును, వాని భాగములును పొగాకు వస్తువులుగా నెంచబడినవి. పొగాకు ఆకు ముక్కయైనను లేని కొయ్యపెట్టె పొగాకు వస్తువైనది! 2007 ఫిబ్రవరి 15 నాటికి అంగడిలో లేని ప్రతి వస్తువునకును ముందస్తు అనుమతి కావలెనని నిర్ణయమైనది. ఆ తేదీ నాటికి ఈ చేతిపని పుట్టనేలేదు గదా! నిబంధన అమలులోనికి వచ్చిన పిదప క్రొత్త నమూనా నొకదానిని అనుమతి లేక యమ్మరాదు. పాతవాటికి దరఖాస్తు గడువు పలుమార్లు మాఱి, తుదకు 2020 సెప్టెంబరు 9గా స్థిరపడినది. దరఖాస్తు యనగా ఒక కాగితము కాదు. ఆవిరిలోని ద్రవ్యముల పరీక్షలు, విషలక్షణముల పరీక్షలు, ప్రజారోగ్యముపై దాని ప్రభావమును గూర్చిన శాస్త్రీయ నిదర్శనములు, ఇవి యన్నియు నమూనా నమూనాకు విడివిడిగా సమర్పింపవలెను. లక్ష పెట్టెలు పోతపోయు సంస్థ ఆ వ్యయమును లక్ష పెట్టెలపై పంచుకొనును. ఇరువది పెట్టెలు చెక్కు పనివాడు దేనిపై పంచుకొనవలయును?

చిన్నవారిని నియంత్రణ సంస్థ బొత్తిగా మఱచినదని చెప్పుట న్యాయము కాదు. నూట యేబదిమందికి మించని పనివారును, యేడాదికి యేబది లక్షల డాలర్లకు మించని రాబడియు గల సంస్థలను చిన్న సంస్థలుగా గుర్తించి, కొన్ని వివరములు పంపుటకు అదనపు గడువు నిచ్చినది. కాని గడువు వేఱు, మినహాయింపు వేఱు. ఉరితీయు దినమును వాయిదా వేయుట క్షమాభిక్ష కాదు. మఱియు, ఒంటరిగా పని చేయు వడ్రంగికిని, నూఱుమంది పనివారు గల కర్మాగారమునకును ఒకే పేరు పెట్టుట చిన్నతనమును కొలుచు విధము కాదు.

ఫలితమేమి? రెండుకోట్ల అరువది లక్షలకు మించిన వస్తువులకు దరఖాస్తులు వచ్చినవి. 2025 జూలై నాటికి అనుమతి పొందినవి 39. అవి యన్నియు నాలుగు పేర్ల క్రిందివే: వ్యూస్, ఎన్‌జాయ్, లాజిక్, జూల్. వీనిలో మొదటి మూడును సిగరెట్టు సంస్థల చేతిలోనివి. మొదటి యనుమతి 2021 అక్టోబరులో బ్రిటిష్ అమెరికన్ టొబాకో సంతతికి చెందిన వ్యూస్‌కు దక్కినది. ఎన్‌జాయ్‌ను మార్ల్‌బరో సిగరెట్లవారి మాతృసంస్థయగు ఆల్ట్రియా 2023లో సుమారు 275 కోట్ల డాలర్లకు కొనెను. నాలుగవదియగు జూల్ కథ మఱియు చిత్రమైనది. బాలురను ఆకర్షించునట్లు ప్రకటనలు చేసినదను అభియోగముపై పెక్కు రాష్ట్రములు దర్యాప్తు జరుపగా, 2022లో దాదాపు 44 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఆ సంస్థ యంగీకరించెను. ఆ సంవత్సరమే నియంత్రణ సంస్థ దానికి అనుమతి నిరాకరించెను. పిమ్మట ఆ నిరాకరణను ఉపసంహరించుకొని, 2025 జూలైలో అనుమతి నొసగెను. అన్ని కోట్లు చెల్లించి నిలువగలవానికి శాసనము ద్వారమైనది. చేతిపనివానికి అదియే గోడయైనది.

అయితే ఎదుటి పక్షమున చెప్పదగిన మాటలు చాల గలవు. వానిని దాచిపెట్టి వాదించుట పత్రికాధర్మము కాదు. 2019లో అమెరికా ఉన్నత పాఠశాలల బాలబాలికలలో నూటికి 27.5 మంది ఈ సాధనములను వాడుచుండిరి. 2024 నాటికి ఆ సంఖ్య నూటికి 7.8కి దిగినది. ఈ తగ్గుదలలో శాసనమునకు కొంతపాలు ఉన్నదనుట నిరాకరింపరానిది. రుచుల ద్రవములు చేయు సంస్థలు కొన్ని తమ దరఖాస్తుల తిరస్కారముపై న్యాయస్థానముల కెక్కగా, 2025 ఏప్రిల్ 2న అమెరికా అత్యున్నత న్యాయస్థానము ప్రధానాంశమున నియంత్రణ సంస్థ పక్షముననే ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది.

చేతిపనివానికిని దోషములు లేకపోలేదు. రాగి గొట్టములలో ననేకమునకు అదుపుపలక యుండదు. మీట నొక్కినంతనే బ్యాటరీ శక్తి యంతయు చుట్టకు పాఱును. నిండుగానున్న బ్యాటరీ ఒత్తిడి 4.2 వోల్టులు. చుట్ట నిరోధము అర ఓము అయినచో 8.4 ఆంపియర్ల ప్రవాహము, ఇది భరింపదగినదే. నిరోధమును ఓములో పదియవ వంతునకు దించినచో 42 ఆంపియర్లు! పదునెనిమిది మిల్లీమీటర్ల మందము, అరువదియైదు మిల్లీమీటర్ల పొడవు గల ఆ చిన్న బ్యాటరీ సామాన్యముగా ఇరువది, ముప్పది ఆంపియర్లకు మించి ఓర్వలేదు. గొట్టములో వాయువు వెడలుటకు రంధ్రములు లేనిచో అది తుపాకి గొట్టమే యగును. 2018 మే నెలలో ఫ్లోరిడాలోను, 2019 జనవరిలో టెక్సాసులోను ఇట్టి సాధనములు ప్రేలి ఒక్కొక్కరు మరణించిరి. అందమైన చెక్కడము ఆ ప్రాణములను తిరిగి తేజాలదు. 'నేను చిన్నవాడను' అనునది ప్రాణహాని విషయమున సమాధానము కాదు.

కావున మా ప్రశ్న శాసనము కావలెనా, వలదా యని కాదు. శాసనము దేనిని కొలువవలయును, అపాయమునా, కాగితములనా యని. చేతిపెట్టె వలన అపాయము బ్యాటరీలోను, మీటలోను గలదు. దానికి తగిన విద్యుత్ రక్షణ ప్రమాణములు కలవు. వాని ప్రకారము పరీక్షించుట సాధ్యము. బాలురకు అపాయము నికోటిన్ ద్రవములోను, చవుకదనములోను, జేబులో దాచుకొను వీలులోను కలదు. వందల డాలర్లు వెలగల కొయ్యపెట్టెను బడిపిల్లవాడు కొనుట అరుదు. వాడు కొనునది ఒకసారి వాడి పాఱవేయు చవుక సాధనము. విచిత్ర మేమనగా, శాసనము కొయ్యపెట్టెను అంగడినుండి తొలగించినది గాని, అనుమతి లేకయే చైనానుండి దిగుమతియగు ఆ చవుక సాధనములను అమెరికా అంగళ్లనుండి తొలగింపజాలకున్నది. శాసనమునకు విధేయుడైనవాడు దుకాణము మూసికొనెను; విధేయుడు కానివాడు సొమ్ము చేసికొనుచున్నాడు.

బ్రిటనులో నిట్టి పాఱవేయు సాధనములు 2023లో వారమునకు సుమారు యేబది లక్షలు చెత్తపాలగుచుండెనని లెక్క వేయబడినది. ప్రతిదానిలోను మరల నింపదగిన లిథియము బ్యాటరీ యుండగనే, దానిని ఒక్కమారు వాడి విసరివేయుచుండిరి. తుదకు 2025 జూన్ 1 నుండి వాని విక్రయమును ఆ దేశము నిషేధించెను. మరమ్మతునకు లొంగు వస్తువు, ఏండ్లు మన్ను వస్తువు మేలని నేడు అచ్చటి పాలకులు గ్రహించినారు. చేతిపనివాడు మొదటినుండియు చేయుచున్నది అదియే గదా!

ఇతర దేశములు వేఱు త్రోవలు త్రొక్కినవి. ఐరోపా సమాజము 2014లో చేసిన శాసనము సాధనమును, దాని భాగములను గూడ లెక్కలోనికి తీసికొన్నను, అనుమతికి బదులు ఆరు నెలల ముందు తెలియజేసిన చాలునన్నది. ద్రవములో నికోటినును మిల్లీలీటరునకు ఇరువది మిల్లీగ్రాములకు పరిమితము చేసినది. ఇండొనీసియా 2018 నుండి ద్రవముపైన ఎక్సైజు పన్ను విధించినది. విషము ఎచ్చట నున్నదో పన్నును అచ్చటనే పడవేయుట యుక్తమైన పని.

ఇక మన దేశము సంగతి. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగా పుట్టి, అదే యేడు డిసెంబరులో చట్టమైన శాసనమువలన భారతదేశమున ఈ సాధనముల తయారి, దిగుమతి, ఎగుమతి, రవాణా, విక్రయము, నిల్వ, ప్రకటన యన్నియు నిషిద్ధములు. పూర్తి వస్తువే కాదు, దాని యే భాగమునైనను తయారుచేయరాదు. మొదటి నేరమునకు ఏడాది వఱకు కారాగారము గాని, లక్ష రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. విదేశపు బేరగాడు ఎవరైనను మన వడ్రంగులకు పెట్టెలు చెక్కుమని పని యొప్పగింపజూచినచో, అది నేరమని వారు తెలిసికొనవలయును.

ఈ నిషేధమును ఎత్తివేయుమని మేము కోరుట లేదు. బాలుర క్షేమమును కోరి చేసిన నిషేధమును మేము తేలికగా చూడము. కాని ఒక ప్రశ్న వేయక తప్పదు. 2016-17 నాటి లెక్కల ప్రకారము మన దేశమున పొగాకు వాడువారు 26 కోట్లకు మించిరి. పొగాకువలన ఏటేట పదమూడు లక్షలకు పైగా మరణించుచున్నారని ప్రపంచారోగ్య సంస్థ చెప్పుచున్నది. సిగరెట్టును, బీడీని, గుట్కాతోబాటి నమలు పొగాకును వీధి మలుపుల దుకాణములలో నేటికిని చూచుచున్నాము. దేశములోని అతిపెద్ద సిగరెట్టు సంస్థలో ప్రభుత్వపు జీవిత బీమా సంస్థకు పెద్ద వాటా కలదు. పొగాకు బోర్డు మన గుంటూరుననే యున్నది. ఆ బోర్డు నీడన ఆకు పండించు రైతు మన ఇరుగుపొరుగువాడే. క్రొత్త అపాయమును గుమ్మములోనే ఆపితిమని గర్వించువారు, ఇంటిలో కాపురమున్న పాత అపాయమును ఏమి చేయదలచినారో, ఆ రైతునకు ఏ ప్రత్యామ్నాయ పంటను చూపదలచినారో చెప్పవలయును.

చిన్న పనివానిని గూర్చి శాసనకర్తలు వివేకముతో ఆలోచింపలేరా? ఆలోచింపగలరు, అందుకు నిదర్శనములు మన కన్నులముందే కలవు. 2020లో మన ప్రభుత్వము ఆటబొమ్మల కన్నిటికిని నాణ్యతా ముద్ర తప్పనిసరియని ఉత్తరువు చేసినది. యంత్రశాలల ప్లాస్టికు బొమ్మలకు అది న్యాయమే. కాని తెల్లపొణికి కొయ్యతో బొమ్మలు చేయు కొండపల్లి పనివాడును, అంకుడుకొయ్యకు లక్కరంగులు పట్టించు ఏటికొప్పాక పనివాడును పరీక్షాశాల నెచ్చటనుండి తేగలరు? ఈ యిబ్బందిని గుర్తించి, హస్తకళల అభివృద్ధి కమీషనరువద్ద నమోదైన పనివారు చేసి యమ్ము బొమ్మలకును, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకును ఆ యేడు డిసెంబరులోనే మినహాయింపు నిచ్చిరి. అటులే 2021లో నగలకు హాల్‌మార్కు ముద్ర నిర్బంధమైనప్పుడు, ఏడాదికి నలువది లక్షల లోపు వ్యాపారము చేయు స్వర్ణకారులను విడిచిపెట్టిరి.

అమెరికాకును ఈ వివేకము క్రొత్త కాదు. 2008లో బాలుర వస్తువులలో సీసము మొదలగు విషములను అరికట్టుటకు అచ్చట చేసిన శాసనము చేతిబొమ్మల పనివారిని కుప్పకూల్చునంత భారమైనది. 2011లో దానిని సవరించి, ఒక నమూనాను 7,500కు మించి చేయకయు, పది లక్షల డాలర్లకు మించి యమ్మకయు నుండు పనివారికి కొన్ని పరీక్షలనుండి సడలింపు నిచ్చిరి. విషము సంగతిలో సడలింపు లేదు. బయటి పరీక్షాశాలల వ్యయములో మాత్రమే సడలింపు. ఆ సవరణ చేసిన దేశమే, అయిదేండ్ల పిమ్మట కొయ్యపెట్టె పనివాని విషయమున ఆ సూత్రమును మఱచినది.

మా యభిప్రాయమున ఇందు మూడు సూత్రములు గ్రాహ్యములు. మొదటిది: విషమును, పాత్రను వేఱుగా చూడవలెను, నికోటిన్ ద్రవమునకు కఠినమైన కట్టడి, పెట్టెకు విద్యుత్ పరికరమునకు తగిన పరీక్ష. రెండవది: పరీక్షలో అపాయ పరిమాణము అందఱికిని ఒక్కటిగా నుండవలెను గాని, కాగితముల పరిమాణము ఉత్పత్తిని బట్టి యుండవలెను, పనివారు కలిసి ఒకే పరీక్షాశాలను వాడుకొనుటకు వీలు కల్పింపవలెను. మూడవది: చేతిపనివాడును తన యంతట తాను క్రమశిక్షణకు లోబడవలయును. అదుపుపలక లేని గొట్టమును అమ్మరాదు. బ్యాటరీ హద్దులను కొనువానికి తెలియజెప్పవలెను. బాలుని చేతిలో వస్తువు పెట్టరాదు. హక్కు కోరువాడు బాధ్యతను ముందుగా నెత్తుకొన్నప్పుడే వాని మాటకు బలము.

పాఠకులలో ఈ సాధనమును చూచినవారు కొద్దిమందియే యుందురు. చూడనివారు చూడకుండుటయే మేలు. కాని ఈ కథ ఆవిరితో ముగియునది కాదు. రేపు మందుల చట్టము రావచ్చును, తినుబండారముల చట్టము రావచ్చును, అద్దకపు రంగుల చట్టము రావచ్చును. ప్రతి చట్టమును సదుద్దేశముతోనే పుట్టును. ప్రతిదానిలోను పెద్దవాని గుమాస్తాలకు మాత్రమే అర్థమగు కాగితముల అడవి పెరుగును. ఆ యడవిలో మన వడ్రంగి, కంసాలి, సాలె, కుమ్మరి దారి తప్పకుండ చూచుట చదువుకొన్నవారి విధి. కొండపల్లి, ఏటికొప్పాక పనివారికి నేడు మినహాయింపు కలదు; అది వారి పేర్లు నమోదైయున్నంత కాలము, అడుగువారు మేలుకొనియున్నంత కాలము మాత్రమే నిలుచును. మీ గ్రామమున పనివారెవరైనను నమోదు కాకుండిరేమో విచారించి, వారికి ఆ దరఖాస్తు వ్రాసి పెట్టుడు.